ఊరి గోడుకు పాట కట్టడం ఎలా: ఉద్దానం ఉదాహరణతో

ఉన్న ఊరు చెడిపోతుంటే కడుపు మండి పాట రాయాలనిపిస్తుంది. మొదటి రాత్రే 12 చరణాలు వచ్చేస్తాయి. వాటిలో 'కన్నీళ్ళు', 'చీకటి', 'రక్తం', 'వేకువ', 'ఎర్రసూరీడు' తప్పకుండా ఉంటాయి. ఆ కాగితం పారెయ్యొద్దు, అలాగని పాడనూ వద్దు. ఆ పాటలో మీ ఊరు లేదు. ఊరిపేరు మార్చి ఇంకో జిల్లాలో పాడినా సరిపోతుంది. ఎక్కడైనా సరిపోయే పాట ఎక్కడా నిలబడదు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఒక్క సంగతి మీద నడుస్తుంది. దుఃఖం ఏ వస్తువులో ఉందో ఆశ కూడా ఆ వస్తువులోంచే మొలవాలి. పడిపోయింది కొబ్బరిచెట్టు అయితే ఆశ సూర్యుడిలోంచి రాకూడదు, కొబ్బరిమొక్కలోంచి రావాలి. ఉదాహరణకి ఉద్దానం మీద, అంటే కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న శ్రీకాకుళం తీరంలోని కొబ్బరి, జీడి తోటల ప్రాంతం మీద, మూడు చరణాల పాట ఒకటి మొదటినుంచి చివరిదాకా కడదాం.

ముందు మాటల మూట

పల్లవి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఒక నోటుపుస్తకంలో 40 నామవాచకాలు రాయండి. అన్నీ చేత్తో తాకగలిగినవో, చెవితో వినగలిగినవో కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు అయితే మట్ట, పీచు, గెల, జీడిపిక్క, పనసతొన, మొగలిడొంక, సరుగుడుతోట, డయాలసిస్ కార్డు, పలాస రైలు. విజయనగరం, నెల్లిమర్ల వైపు అయితే గోగునార, మిల్లు కూత, మూసిన గేటుకి అంటించిన నోటీసు. ఏజెన్సీ కొండల్లో అయితే డోలీ, గెడ్డ, పోడు, చోడి అంబలి. ఎచ్చెర్ల, రణస్థలం తీరంలో అయితే వల, వెరావల్ బోటు, ఫోను కోసం ఎదురుచూపు. ఆ తీరం నుంచి గుజరాత్‌కి వేటకు వెళ్ళినవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలోగాని ఇల్లు చేరలేదు. అంతకాలం ఇంటిదగ్గర ఏ వస్తువు కదలకుండా ఉండిపోయిందో తెలిస్తే సగం పాట తెలిసినట్టే.

'బాధ', 'అన్యాయం', 'బతుకు' లాంటివి మూటలోకి రానివ్వొద్దు. అవి పాట విన్నవాడి మనసులో పుట్టాల్సినవి.

పని మాటల్లో పొరపాటు పనికిరాదు. పలాస చుట్టుపక్కల జీడి పనిలో పిక్కను కొడతారు, పప్పును ఒలుస్తారు. 'పిక్కలు ఒలుస్తూ' అని రాశారంటే ఆ పని చేసే ఆడవాళ్ళు మొదటి వరసలోనే నవ్వుకుంటారు. ఆ తర్వాత మీరేం పాడినా వాళ్ళ చెవికెక్కదు.

నిజాలు సరిచూసుకోండి

పాటలో తప్పు దొర్లితే అవతలివాడు ఆ ఒక్క తప్పునే పట్టుకుంటాడు. ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చిన తిత్లి తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటింది. కాబట్టి 'ఒక్క రాత్రిలో' అనడం సబబే. 'ఒక్క పగటిలో' అంటే తప్పు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదొక్కటే కారణమని ఏ పరిశోధనా తేల్చలేదు. అందుకని 'విషపు నీళ్ళు తాగి' అని తీర్పు చెప్పే పంక్తి వద్దు. 'ఏ నీరు తాగాలో ఎవరు చెప్తారు' అని అడగొచ్చు, ఆ ప్రశ్నని కాదనేవాడు ఉండడు. 'ఎవరూ ఏమీ చెయ్యలేదు' అన్నా చిక్కే. హిరమండలం నుంచి తాగునీటి పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. వాటిని దాచిపెట్టి పాడితే పాట పార్టీ కరపత్రం అయిపోతుంది. మీ ఊరి కుళాయికి ఆ నీరు వస్తోందా, రోజూ ఎంతసేపు వస్తోంది, ఆసుపత్రికి వెళ్ళి రావడానికి ఎంత ఖర్చవుతోంది అని అడిగి తెలుసుకోండి. నిరసన పదును అక్కడ ఉంటుంది.

చనిపోయినవాళ్ళ పేర్లు పాటలో పెట్టాలనుకుంటే ముందు ఇంటివాళ్ళని అడగాలి. ఒప్పుకోకపోతే వరసతో సరిపెట్టండి: కొడుకు, బావ, అప్ప. నిజానికి పేరుకంటే వరసే ఎక్కువ పని చేస్తుంది.

ఎవరు ఎవరితో పాడుతున్నారు?

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పల్లవిలో 'ఓ ప్రజలారా', మొదటి చరణంలో 'అమ్మా', రెండో చరణంలో 'ఓ పాలకుడా', మూడో చరణంలో 'తమ్ముడూ'. పాడే గొంతు ఎవరిదో, వినే మనిషి ఎవరో తేలదు. ఒక్కరిని ఎంచుకుని చివరిదాకా ఆ ఒక్కరితోనే మాట్లాడండి.

మన ఊళ్ళలో చావింట ఆడవాళ్ళు రాగం తీసి ఏడిచే తీరు గమనిస్తే శోకానికి ఒక కట్టుబాటు కనిపిస్తుంది. మొదట వరస పెట్టి పిలుస్తారు. ఆ తర్వాత పోయినవాళ్ళు వదిలివెళ్ళిన ఒక వస్తువు. చివర జవాబు లేని ప్రశ్న. 'నా నాయనో, దండేనికి నీ తువ్వాలుందిరో, ఎవరు కప్పుకుంటారో' అన్నట్టు. పిలుపు, వస్తువు, ప్రశ్న. పోయినవాడు మంచివాడని చెప్పరు, తమకి దుఃఖంగా ఉందని చెప్పరు. చరణానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. (నేర్చుకోవాలని చావింట ఫోను తీసి రికార్డు చెయ్యకండి. గుర్తున్నంత చాలు.)

మన ఉదాహరణలో గొంతు ఒక తల్లిది. ఆమె డయాలసిస్ మీద ఉంది. కొడుకు వలస వెళ్ళాడు. ఆమె అతనితో మాత్రమే మాట్లాడుతుంది. ప్రభుత్వం పేరు పాటలో ఎక్కడా రాదు, కానీ వినేవాళ్ళలో అధికారి ఉంటే తల దించుకోక తప్పదు.

నడక

నడక తేల్చకుండా మాటలు రాస్తే తర్వాత బాణీలో ఇరికించాల్సి వస్తుంది. లెక్క తేలికే. పొట్టి అక్షరం పలికే కాలం 1 మాత్ర. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం 2 మాత్రలు.

కూర్చుని పాడే శోకానికి 3+4 నడక, అంటే 'తకిట తకధిమి', బాగా నప్పుతుంది. గురజాడ విజయనగరంలో ఉండి ముత్యాలసరాలకి ఎంచుకున్నది ఈ నడకే. పంక్తికి 3+4+3+4, మొత్తం 14 మాత్రలు. పల్లవి ఇలా:

కొబ్బ | రాకుల | నీడ | లేదుర
కొడుక | ఇంటికి | తిరిగి | రారా

వేలితో నేల మీద కొట్టుకుంటూ చదవండి. ప్రతి గీత దగ్గర దెబ్బ పడాలి. పడకపోతే లెక్క తప్పినట్టే.

అయితే ఊరేగింపులో ఇదే నడక ఏడిపిస్తుంది. మనిషికి కాళ్ళు రెండు, మాత్రలు ఏడు. మాత్రకో అడుగు వేస్తే పంక్తి మొదటి సగం కుడికాలు మీద, రెండో సగం ఎడమకాలు మీద మొదలవుతుంది. వందమంది నడుస్తుంటే 10 నిమిషాల్లో చప్పట్లు చెదిరిపోతాయి. రెండు దారులున్నాయి. బాగా నెమ్మదిగా, 3 మొదట్లో ఒక అడుగు, 4 మొదట్లో ఒక అడుగు వేస్తే కుంటుతున్నట్టు ఉంటుంది. కొవ్వొత్తుల ఊరేగింపుకి, అంతిమయాత్రకి అది బాగానే ఉంటుంది. మామూలు ర్యాలీకి అయితే మూడు మాత్రల ముక్కని సాగదీసి నాలుగు చెయ్యండి:

కొబ్బా | రాకుల | నీడా | లేదుర
కొడుకా | ఇంటికి | తిరిగీ | రారా

ఒక్క మాటా మారలేదు. 14 మాత్రలు 16 అయ్యాయి, కాళ్ళు కుదిరాయి. పాట రాసేటప్పుడే మూడు మాత్రల ముక్క చివర అచ్చు సాగేలా చూసుకుంటే ఒకే పాట దీక్షా శిబిరంలోనూ రోడ్డు మీదా పనికొస్తుంది.

పల్లవి పరీక్ష

పల్లవి రెండు పంక్తులు, మహా అయితే ఎనిమిది మాటలు. చివరి అక్షరం నోరు తెరిచి సాగదీయగలిగేది కావాలి: రారా, పోదాం, ఉందిరో. 'హక్కు', 'దెబ్బ' లాంటి మాటతో ముగిస్తే గుంపు గొంతు అక్కడ తెగిపోతుంది. మొదటి అక్షరాలు కలిస్తే (కొబ్బ, కొడుక) రెండో పంక్తి దానంతటదే గుర్తొస్తుంది.

పరీక్ష ఇది: బడి వదిలాక పదేళ్ళ పిల్లలకి రెండుసార్లు వినిపించి, వేరే మాటలు మాట్లాడి, పావుగంట తర్వాత అడగండి. పంక్తి మార్చి పాడారంటే వాళ్ళు మార్చినదే సరైనది అనుకోండి. పదిలో ఏడుసార్లు పిల్లలే నెగ్గుతారు.

చరణాలు

మూడు చాలు. నాలుగోది రాసుకోవచ్చు, పాడక్కర్లేదు. ఒక్కో చరణంలో ఒక్కటే సంగతి. తిత్లి, కిడ్నీ, వలస, థర్మల్ కేంద్రం, గిట్టుబాటు ధర అన్నీ ఒకే చరణంలో కుక్కితే అది వినతిపత్రం అవుతుంది.

మొదటి చరణం పోయినదాని గురించి. ఉద్దానంలో కొబ్బరిచెట్టుని ఇంటికి పెద్దకొడుకు అంటారు. తల్లి కొడుకుతో మాట్లాడుతోంది కాబట్టి ఆ మాటే పునాది:

పెద్ద కొడుకని పిలుచుకున్నా
చెట్టు పోయిందొక్క రేతిరి
చిన్న కొడుకువు నువ్వు కూడా
రైలు ఎక్కితె ఏటి సేతును

పిలుపు ఉంది, చెట్టూ రైలూ ఉన్నాయి, చివర ప్రశ్న ఉంది. తుపాను పేరు ఇంకా రాలేదు, దాన్ని దాచుకున్నాం. 'పిలుచుకున్న' అనాల్సిన చోట 'పిలుచుకున్నా' అని సాగింది. పంక్తి చివర అచ్చు సాగితే చెవి ఒప్పుకుంటుంది, పంక్తి మధ్యలో అయితే ఒప్పుకోదు.

రెండో చరణం ఇప్పటి సంగతి. డయాలసిస్ మామూలుగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. మొదట ఇలా వస్తుంది:

వార వారం రెండు మారులు
సూది గుచ్చిన సెయ్యి తోనే
జీడిపప్పును ఒలుసుకుంటా
రోజు కూలితొ బతుకుతన్నా

లెక్క కుదిరింది, కానీ రెండో పంక్తి అబద్ధం. డయాలసిస్ కోసం ఫిస్టులా (సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపి చేసిన దారి) పెట్టిన చేతిని కాపాడుకోమంటారు. ఆ చేతికి బరువు తగలనివ్వకూడదు, రక్తపోటు కూడా ఆ చేతికి చూడరు. రోగి ఆ చేతిని దాచుకుంటుంది. అప్పుడు 'సెయ్యి దాసీ' అని మార్చబుద్ధవుతుంది. యాసలో అది సరైనదే, పైకి చదివితే మాత్రం 'దాసీ' పనిమనిషిలా వినిపిస్తుంది. మూడోసారికి కుదిరింది:

సూది గుచ్చిన సెయ్యి కప్పీ

కొంగు అన్న మాట లేకుండానే కొంగు కనిపిస్తోంది. పనిలోంచి తీసేస్తారేమోనన్న భయం కూడా అందులోకి వచ్చేసింది. నిజం సరిచూసుకున్నందుకు పాట బాగుపడింది. చాలాసార్లు ఇలాగే జరుగుతుంది, అందుకే డయాలసిస్ వార్డులో పనిచేసేవాళ్ళకి ఒకసారి చదివి వినిపించడం మానొద్దు.

మూడో చరణం ఆశ. పాటలు ఎక్కువగా చెడేది ఇక్కడే. రెండు చరణాలు ఊరి మట్టి మీద నడిచి, మూడోది ఒక్కసారిగా ఆకాశంలోకి ఎగిరి 'ఉదయించును ఉషోదయం' అంటుంది. ఆశకి రెండు షరతులు పెట్టుకోండి. మొదటి చరణంలోని వస్తువునుంచే రావాలి. ఎవరో ఒకరు చేసిన, చెయ్యగలిగిన పని కావాలి.

తిత్లి గాలికి ఒరిగిపోయిన
తోటలోనే మొక్క ఉందిర
మట్టలేసే నాటికైనా
మాట నిలుపర ఇంటి కొడకా

పల్లవిలో 'నీడ లేదుర', ఇక్కడ 'మొక్క ఉందిర'. లేదు అన్న నోటితోనే ఉంది అనిపించాం. గెలుస్తామని ఎక్కడా చెప్పలేదు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ సంగతి ఉద్దానంలో ప్రతి ఇంటికీ తెలుసు కాబట్టి ఆశ ఎంత దూరంలో ఉందో విన్నవాళ్ళే లెక్కకట్టుకుంటారు. ఈ లెక్క లేని ఆశ ఎన్నికల హామీలా వినిపిస్తుంది.

యాస సంగతి

మన ఉత్తరాంధ్ర యాసని సినిమాలు చాలాకాలం నవ్వుల కోసమే వాడుకున్నాయి. అందుకని శోకం పాటలో 'ఏటి', 'ఎలగ', 'గుంటడు' తప్పుచోట పడితే పక్క జిల్లావాళ్ళే కాదు, మన పిల్లలూ కిసుక్కుమంటారు. భయపడి పుస్తకం భాషలోకి పారిపోనక్కర్లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు జీవితమంతా ఈ యాసలోనే పాడాడు, జనం నవ్వలేదు, లేచి నిలబడ్డారు. జాగ్రత్త ఒక్కటే. పంక్తికి ఒక యాసమాట చాలు, అదీ బరువైన చోట. 'రేతిరి', 'ఏటి సేతును', 'సెయ్యి', 'బతుకుతన్నా' తల్లి నోటికి సహజం. 'డయాలసిస్' అన్న మాటని వంకరగా పలికించి యాస చూపించబోతే అది వెక్కిరింపే.

తెలంగాణ పాటల ఊపు చెవిలో ఉండి 'వోతున్నడు', 'గిట్ల' అని రాసేవాళ్ళున్నారు. ఆ భాష ఆ నేలకి అందం. మన తల్లి నోట్లో పెడితే ఎవరి తల్లో అనిపిస్తుంది.

వరస, వాయిద్యం

సినిమా బాణీ వద్దు. గుంపుకి అసలు పాట మాటలే గుర్తొస్తాయి. ఊడుపు పాటలు, దంపుడు పాటలు, జముకుల కథ (జముకు అనే తీగ వాయిద్యంతో చెప్పే జానపద కథ) వరసలు చాలా ఉన్నాయి. ఊళ్ళో పెద్దావిడ దగ్గర కూర్చుంటే ఒక సాయంత్రంలో మూడు వరసలు దొరుకుతాయి. శ్రీకాకుళం రైతాంగ ఉద్యమానికి జముకుల కథని వాడుకున్న కవి సుబ్బారావు పాణిగ్రాహి కూడా జనానికి ముందే తెలిసిన రూపాన్నే పట్టుకున్నాడు. వరస ఎక్కువగా ఎక్కిదిగకుండా ఆరు స్వరాల్లోపు ఉంచండి. సంగీతం రానివాళ్ళు పాడాలి కదా. ఆడగొంతు ఎత్తుకుంటే మగవాళ్ళు కింది స్థాయిలో అందుకోవచ్చు. మగగొంతు తన హాయికి ఎత్తుకుంటే ఆడవాళ్ళకి మరీ కిందికి పోయి మాట వినిపించదు.

వాయిద్యం ఒకటి చాలు. జముకు ఉంటే శోకానికి అంతకంటే కావాల్సింది లేదు, ఆ తీగ మోతలో ఒక మూలుగు ఉంటుంది. ర్యాలీకి డప్పు. వానాకాలం తోలు సడలిపోతుంది కాబట్టి బయల్దేరేముందు గడ్డిమంట దగ్గర తిప్పుతూ కాచుకోవాలి. మరీ దగ్గర పెడితే తోలు పగులుతుంది. తప్పెటగుళ్ళ జట్టు (గుండె మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడేవాళ్ళు) ఉందంటే ఊపు వస్తుంది, కానీ గజ్జెల చప్పుడులో మాట మునిగిపోతుంది. వాళ్ళని చరణాల మధ్యే వాయించమనండి.

ఒకరు చరణం ఎత్తుకోవాలి, గుంపు పల్లవి మాత్రమే అందుకోవాలి. చరణం మీద పల్లవి రెండుసార్లు. మూడు చరణాలకి నాలుగు నిమిషాలు దాటితే నడక నెమ్మదించిందని అర్థం. చివరి పల్లవికి వేగం పెంచే అలవాటుంది. ఈ పాటకి అది నప్పదు. చివరిసారి డప్పు ఆపేసి గొంతులతోనే పాడించండి.

మైకు పెడితే ముందుగా పోలీసు అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకరు వాడకూడదు. పాట మధ్యలో మైకు ఆపించుకోవడం కంటే 9:30కి ముగించడం నయం. వీడియో తీస్తే పాడిన ఊరు, తేదీ మొదట్లో చెప్పించండి. రెండేళ్ళ తర్వాత ఇంకెవరో ఇంకెక్కడిదో అని పంచుకుంటారు.

పాట పాతబడ్డప్పుడు

పరిస్థితి మారితే పంక్తి మారాలి. తిత్లి తర్వాత నాటిన మొక్కలు చాలాచోట్ల మట్టలు దాటి కాపుకొచ్చే వయసులో ఉన్నాయి. అలాంటి ఊళ్ళో 'మట్టలేసే' అని పాడితే రైతు నవ్వుతాడు. 'గెలలు ఏసే' అని మార్చండి, 3+4 చెక్కుచెదరదు. కానీ 'మట్ట', 'మాట' కలిసిన అందం పోతుంది. అప్పుడు కింది పంక్తి కూడా 'గ'తో ఎత్తుకోవాలి:

గెలలు ఏసే నాటికైనా
గడప తొక్కర ఇంటి కొడకా